అరవై నిమిషాల క్యాసెట్టులో పట్టని పాటలు

మొన్న వేసవిలో బాబాయ్ పెద్దకర్మకు విజయవాడ వెళ్ళాను. ఆయన నాకు చుట్టం కాదు. గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు మీది నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, మేడమెట్ల కింద ఆయన రికార్డింగ్ సెంటర్ నడిపేవారు. అక్కడికి వచ్చే కుర్రాళ్ళందరూ బాబాయ్ అనేవారు గనుక మేమూ అలాగే పిలిచాం. భోజనాలయ్యాక వాళ్ళబ్బాయి అటక మీద నుంచి దింపిన ట్రంకుపెట్టె తెరిచి, కొట్లో వాడిన ఆర్డరు పుస్తకాలు నా ముందు పెట్టాడు. అయ్యప్ప పాటలు, ఘంటసాల భగవద్గీత, మైక్‌సెట్ వాళ్ళ జాబితాలు తిరగేస్తూ పోతుంటే, ఒక పేజీలో ఆయన గుండ్రటి చేతిరాతలో ‘మెటాలికా – లోడ్ – 90 – స్లో’ అని కనిపించింది. మెటాలికా అమెరికా హెవీ మెటల్ బృందం, ‘లోడ్’ వాళ్ళ ఆల్బమ్, 90 అంటే క్యాసెట్టు నిమిషాలు. పక్కన నా పేరూ, నా స్నేహితుడి పేరూ ఉన్నాయి. స్నేహితుడి పేరు మీద అడ్డగీత ఉంది.

ఆ గీత ఎలా పడిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

*

ఇంగ్లీషు సంగీతం మా ఊరికి అప్పట్లో రెండు దారుల్లో వచ్చేది. ఒకటి కేబుల్ టీవీ. మొదట ఎంటీవీ, అది పోయాక 1994 నుంచి ఛానల్ వి. రెండవది మద్రాసులో చదువుకునే అన్నయ్యలు. మా పెద్దమ్మ కొడుకు అక్కడ ఇంజనీరింగ్ చదువుతూ, సెలవులకు పినాకినిలో దిగినప్పుడల్లా బట్టల సంచిలో నాలుగైదు క్యాసెట్లు తెచ్చేవాడు. అవి తిరిగి వాడితోపాటే రైలెక్కేవి గనుక, ఆ నాలుగు రోజుల్లోనే నకలు తీయించుకోవాలి. బేసంట్ రోడ్డు కొట్లలో అసలు క్యాసెట్టు దొరికినా, దాని ఖరీదు తెలుగు సినిమా క్యాసెట్టుకు రెండు మూడింతలు ఉండేది. ఇంటర్ చదివే పిల్లల చేతిలో అంత డబ్బెక్కడిది? ఖాళీ క్యాసెట్టు కొనుక్కుని బాబాయ్ దగ్గరికి పరుగెత్తేవాళ్ళం.

బాబాయ్ కొట్లో అడుగు పెట్టగానే స్పిరిట్ వాసన వచ్చేది. అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, ప్రతి క్యాసెట్టుకూ ముందు డెక్ హెడ్డు, అంటే టేపు ఆనుకుని నడిచే భాగం, తుడిచేవారు. దూదికి గోధుమరంగు మరక అంటడం మానేసే వరకూ తుడుస్తూనే ఉండేవారు. చాలా సెంటర్లలో హైస్పీడ్ డబ్బింగ్ మీట నొక్కి, గంట క్యాసెట్టును అరగంటలో చేతికిచ్చేవారు. ఆయన ఆ మీట ముట్టుకోరు. వేగంగా తీస్తే తాళాల మెరుపు పోతుందని ఆయన నమ్మకం, అది నిజమే. అందుకే పుస్తకంలో ప్రతి ఆర్డరు చివరా ‘స్లో’ అని రాసుకునేవారు. పాట నడిచినంత సేపూ మేము అక్కడే ఎత్తుపీటల మీద కూర్చుని, ఆ చిన్న స్పీకర్లలోనే మొదటిసారి వినేవాళ్ళం. మధ్యలో కరెంటు పోతే గాయకుడి గొంతు సాగి సాగి పాతాళంలోకి దిగిపోయేది. కరెంటు వచ్చాక బాబాయ్ ఆ వైపంతా మళ్ళీ మొదటి నుంచీ తీసేవారు గానీ, తెగిన చోట అతుకు పెట్టేవారు కాదు. పని అయిపోయాక క్యాసెట్టు వీపున ఉండే రెండు ప్లాస్టిక్ పళ్ళనూ స్క్రూడ్రైవర్‌తో విరిచి, ఇంక దీని మీద ఎవరూ పొరపాటున కూడా ఏమీ ఎక్కించలేరని చూపించి మా చేతిలో పెట్టేవారు.

*

మెటాలికా పాటల్లో మేము మొదట రికార్డు చేయించుకున్నది ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’. 1986లో వచ్చిన ఆల్బమ్ మా చేతికి వచ్చేసరికి చాలా ఏళ్ళు గడిచాయి. యాభై నాలుగు నిమిషాల పై చిల్లర. అరవై నిమిషాల క్యాసెట్టులో చక్కగా సర్దుకుంది. నా పటమట స్నేహితుడి తండ్రికి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. ఆ పాటల వేగం, ఒకదాని మీద ఒకటి పడే గిటారు దెబ్బలు, వాటి కింద ఆగకుండా నడిచే డ్రమ్ములు, అన్నీ కలిసి పొద్దున పదకొండు గంటలప్పుడు వాళ్ళ షెడ్డులో నాలుగు సుత్తులు ఒకేసారి రేకు మీద ఆడినట్టు ఉండేవి. వాడు పుట్టి పెరిగిన చప్పుడు అది. అందుకే వాడికి ఆ సంగీతం మొదటి నిమిషంలోనే అర్థమైంది, నాకు వారం పట్టింది.

మాటలు మాకు సగం కూడా తెలిసేవి కావు. అయినా ప్రతి పాటలో గిటారు ఎక్కడ మలుపు తిరుగుతుందో, డ్రమ్ము ఎక్కడ ఒక్క క్షణం ఆగుతుందో నోటికి వచ్చు. సత్యనారాయణపురంలో మా ఇంటి వెనక రైలు కట్ట ఉండేది. ఇప్పుడది బీఆర్‌టీఎస్ రోడ్డు. గూడ్సు బండి వెళుతున్నంత సేపూ ఎంత గట్టిగా పెట్టుకున్నా ఇంట్లో ఎవరూ ఏమీ అనేవారు కాదు. బండి చివరి డబ్బా దాటగానే అమ్మ వంటింట్లో నుంచి కేకేసేది.

*

‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ రికార్డు చేయించిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. అది 1988 ఆల్బమ్. అంతకు రెండేళ్ళ ముందు, 1986 సెప్టెంబరులో, స్వీడన్‌లో వాళ్ళు ప్రయాణిస్తున్న బస్సు బోల్తాపడి బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. అతని స్థానంలోకి వచ్చిన జేసన్ న్యూస్టెడ్‌తో బృందం తీసిన మొదటి పూర్తి ఆల్బమ్ ఇది. ఇదంతా అప్పుడు మాకు తెలియదు. మాకు తెలిసిందల్లా బాబాయ్ మొహం చిట్లించడమే.

“కింద గిటారు వినబడటం లేదేమిట్రా?” అన్నారు. క్యాసెట్టు తీసి, హెడ్డు తుడిచి, మళ్ళీ పెట్టారు. వినబడలేదు. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పితే హెడ్డు వాలు మారి, మసకగా ఉన్న శబ్దం తేటపడుతుంది. బాబాయ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చెవి స్పీకరుకు ఆనించి, ఆ స్క్రూని తిప్పడం మొదలుపెట్టారు. తాళాలు తేటపడ్డాయి, గిటార్లు కత్తుల్లా లేచాయి, బేస్ మాత్రం లేదు. అప్పుడాయన వేరే సినిమా క్యాసెట్టు పెట్టి చూశారు. అందులో బేస్ దిమ్మెక్కిపోయేలా వినిపించింది. “మన డెక్కులో లోపం లేదు, వాళ్ళే మింగేశారు” అని తేల్చారు.

ఆయన అన్నది అక్షరాలా నిజం. ఆ ఆల్బమ్ మిక్సింగులోనే న్యూస్టెడ్ వాయించిన బేస్‌ను దాదాపు వినబడకుండా తగ్గించేశారన్నది ఇప్పుడు ఆ సంగీతం వినేవాళ్ళందరికీ తెలిసిన విషయం. ఇంటర్నెట్టు లేని రోజుల్లో, ఇంగ్లీషు పాట ఒక్కటి కూడా తనకోసం పెట్టుకోని మనిషి, స్క్రూడ్రైవర్ సాయంతో ఆ సంగతి కనిపెట్టారు.

*

1991లో వాళ్ళు బృందం పేరే పెట్టుకుని విడుదల చేసిన నల్ల అట్ట ఆల్బమ్‌తో మార్పు మొదలైంది. నిర్మాతగా బాబ్ రాక్ వచ్చాడు. ఏడెనిమిది నిమిషాలు సాగి, నాలుగైదు మలుపులు తిరిగే పాటలు పోయి, ఒకే పల్లవి చుట్టూ తిరిగే పొట్టి పాటలు వచ్చాయి. వేగం తగ్గింది, బరువు పెరిగింది. బేస్ తిరిగి వచ్చింది. బాబాయ్ రెండు నిమిషాలు విని, “ఇప్పుడు కాళ్ళ కింద నేల ఉంది” అన్నారు. నాకు ఆ మాట ఎంతో నచ్చింది, నా స్నేహితుడికి మాత్రం నచ్చలేదు. వాడికి నేల అక్కర్లేదు, సుత్తి దెబ్బలు కావాలి. అయినా ఆ ఆల్బమ్‌ను భరించాడు. ‘శాడ్ బట్ ట్రూ’ కోసం క్షమించానన్నాడు.

ఆ ఆల్బమ్ నిడివి అరవై రెండు నిమిషాల పైమాట. మేము తెచ్చింది అరవై నిమిషాల క్యాసెట్టు. ఏ వైపు ఎన్ని పాటలు సర్దినా చివరి పాట పట్టలేదు. కాలేజీలో ఎవరో ఒకసారి ‘ది స్ట్రగుల్ వితిన్’ గురించి మాట్లాడుతుంటే, అలాంటి పాట ఒకటుందని మేమిద్దరం మొదటిసారి విన్నాం. ఆ తరువాత మేము ఏ ఆల్బమ్ తెచ్చినా బాబాయ్ ముందు కాగితం మీద నిమిషాలు కూడి, ఆ తరువాతే ఏ క్యాసెట్టు కొనాలో చెప్పేవారు.

*

‘లోడ్’ 1996 జూన్‌లో వచ్చింది. అది చెవిన పడకముందే బొమ్మలు చూశాం. నలుగురూ జుట్టు కత్తిరించుకున్నారు. ఆంటన్ కోర్బైన్ తీసిన ఆ ఫొటోల్లో కొందరి కళ్ళకు కాటుక ఉంది. ఎప్పుడూ మెరుపుతీగల్లా ఉండే పేరు అక్షరాలు కూడా మొనలు పోగొట్టుకుని నున్నగా మారాయి. అలహాబాద్ నుంచి వచ్చే ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ పత్రిక చేతులు మారుతూ మా దాకా వచ్చేది. ఆ పుటలు నలిగేదాకా చదివిన మాకు, జుట్టు కత్తిరింపు కూడా పెద్ద వార్తే. నా స్నేహితుడు ఆ రోజే వాళ్ళ షెడ్డు గోడ మీద అంటించిన పోస్టరు చించేశాడు.

‘అంటిల్ ఇట్ స్లీప్స్’ వీడియో ఛానల్ విలో వేసినప్పుడు మా ఇంట్లో ఇద్దరం కలిసి చూశాం. శామ్యూల్ బేయర్ తీసిన ఆ వీడియోలో హైరోనిమస్ బాష్ చిత్రాల్లోని వింత రూపాలు కదిలి వచ్చినట్టు ఉంటాయి. పాట మెల్లగా మొదలై, గొంతు గుసగుసగా దిగి, మధ్యలో ఒక్కసారి కేకగా లేస్తుంది. స్నేహితుడు పూర్తిగా చూడకుండానే లేచి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మరునాడు బాబాయ్ కొట్టుకు వెళ్ళి తన పేరు కొట్టేయించుకున్నాడు. అప్పటికే ఇద్దరం కలిసి ఆర్డరు రాయించి ఉన్నాం.

అసలు క్యాసెట్టు మద్రాసు నుంచి వచ్చిన సాయంత్రం నేనొక్కణ్ణే వెళ్ళాను. డెబ్బై తొమ్మిది నిమిషాలు, పద్నాలుగు పాటలు. బాబాయ్ లెక్క కట్టి, తొంభై నిమిషాల క్యాసెట్టులో మొదటి ఎనిమిది పాటలూ ఒక వైపు అంచుకు అంచు సరిపోతాయన్నారు. రికార్డింగ్ నడుస్తుండగా ఆయన బల్ల కింద నుంచి హార్మోనియం పైకి తీశారు. శనివారాల్లో భజనకు తీసుకువెళ్ళే పెట్టె అది. గిటారు మోతలో అడుగున పట్టి ఉన్న స్వరాన్ని వెతుక్కుంటూ ఒక్కొక్క మెట్టే నొక్కి, నల్లమెట్టు దగ్గర ఆగి, “ఇదివరకటివి మూడు శ్రుతిలో ఉండేవి కదరా, వీళ్ళు రెండున్నరకు దిగారు” అన్నారు. డెక్కు వేగం తగ్గిందేమోనని పాత క్యాసెట్టు పెట్టి సరిచూశారు. అది మూడులోనే ఉంది. “శ్రుతి దించుకున్నారంటే పాడేవాడు తన గొంతు చూసుకున్నాడన్నమాట. మన భాగవతార్లూ యాభై దాటాక చేసేది అదే” అన్నారు.

అది ఆయన ఊహే. అయితే 1991 ఆల్బమ్ పని జరుగుతున్న రోజుల్లో బృందంలో పాడుతూ గిటారు వాయించే జేమ్స్ హెట్‌ఫీల్డ్ గొంతు దెబ్బతిని, పాడటం నేర్పే మాస్టారు దగ్గర పాఠాలు మొదలుపెట్టాడని నేను తరువాతి కాలంలో చదివాను. ‘లోడ్’ పాటలు నిజంగానే అర స్వరం దించిన గిటార్ల మీద వాయించినవి.

ఆ తరువాత ఆయన చేసిన పని వల్లనే నాకు ఆ ఆల్బమ్ తలుపులు తెరుచుకున్నాయి. యాంప్లిఫయరు మీది బ్యాలెన్స్ బిరడా పూర్తిగా ఎడమకు తిప్పి ఒక నిమిషం వినమన్నారు. తరువాత పూర్తిగా కుడికి. ఎడమ స్పీకరులో గిటారు ఒక మాట అంటుంటే, కుడి స్పీకరులో గిటారు దానికి జవాబు చెబుతోంది, లేదా ఊరుకుని చోటు వదులుతోంది. పాత క్యాసెట్టు పెట్టి అదే పని చేస్తే రెండు వైపులా ఒకే చెయ్యి, ఒకే దెబ్బ. “అక్కడ వాయించేవాడు ఒకడేరా. ఇక్కడ ఇద్దరున్నారు” అన్నారు బాబాయ్. అంతకు ముందు ఆల్బమ్‌లలో రిథమ్ గిటారంతా, అంటే పాట పొడవునా వెనక నడిచే వాయింపంతా, హెట్‌ఫీల్డే పొరలు పొరలుగా రికార్డు చేసేవాడు. రెండో గిటారిస్టు కర్క్ హామెట్ సోలోలకే, అంటే మధ్యలో ఒంటరిగా లేచే వాయింపులకే, పరిమితం. ‘లోడ్’తోనే హామెట్ కూడా రిథమ్ వాయించడం మొదలుపెట్టాడు. అందువల్ల పాత బిగువు సడలిన మాట నిజం. ఆ సడలిన చోటులోకి బ్లూస్ వచ్చింది, ‘మామా సెడ్’ లాంటి పాటలో పల్లెటూరి అమెరికా వాసన వచ్చింది, ‘బ్లీడింగ్ మీ’ ఎనిమిది నిమిషాల పాటు తొందరపడకుండా నడిచింది. ఇవేవీ పాత పద్ధతిలో పుట్టగలిగే పాటలు కావు.

మాటలు కూడా మారాయి. యుద్ధాలు, న్యాయస్థానాలు, పిచ్చాసుపత్రుల గురించి రాసిన మనిషి ఇప్పుడు ఇంటి గురించి రాశాడు. హెట్‌ఫీల్డ్‌కు పదహారేళ్ళప్పుడు తల్లి కాన్సర్‌తో పోయింది; తమ మత విశ్వాసం ప్రకారం ఆమె వైద్యానికి ఒప్పుకోలేదు. ‘అంటిల్ ఇట్ స్లీప్స్’ ఆ జబ్బు గురించే. లోపలి అట్ట మీది సన్నని అక్షరాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివినందుకు, ఆ ఒక్క పాటలో నాకు ప్రతి మాటా తెలుసు.

*

రెండవ వైపు చివర పది నిమిషాలు మిగిలాయి. ఖాళీ టేపు వదలడం బాబాయ్ దృష్టిలో కొనుక్కున్నవాడిని మోసం చేయడమే. పాత సినిమా పాట ఏదో వేస్తారనుకున్నాను. ఆయన అలమారా పై అర నుంచి ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ తీశారు. 1986లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో పాటలుండవు. కర్ణాటక రాగాలూ పాశ్చాత్య స్వరకర్త బాక్ పద్ధతీ వయొలిన్ల మీద కలిసి నడుస్తాయి. అది వచ్చిన కొత్తల్లో ఇళయరాజా పేరు చూసి ఎగబడి రికార్డు చేయించుకున్నవాళ్ళు, ఇందులో పాట ఏదీ, పాడేవాళ్ళు ఏరీ అంటూ తెచ్చి బల్ల మీద పడేసేవారట. ఒక కాంట్రాక్టరుగారు డబ్బు వెనక్కి ఇమ్మన్నారట, ఆయనా ఇచ్చేశారట. “వెనక్కి వచ్చిన క్యాసెట్టే ఇది. అప్పట్నుంచీ నేనే వింటున్నా” అని అందులో నుంచి రెండు ముక్కలు నా ‘లోడ్’ వెనక ఎక్కించారు. ఆ క్యాసెట్టు అరిగిపోయేదాకా నాకు మెటాలికా అయిపోగానే వయొలిన్లు మొదలయ్యేవి. ఇప్పటికీ ఆల్బమ్ చివరి పాట ముగియగానే నా చెవి వాటి కోసం చూస్తుంది.

నేను ఆ క్యాసెట్టు పట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. ఎడమ, కుడి స్పీకర్ల సంగతి మొత్తం వివరించాను. స్నేహితుడు విన్నాడు. వాడు చెప్పిన జవాబు తేలిగ్గా కొట్టిపారేసేది కాదు, అందుకే రాస్తున్నాను. “ఇద్దరు వాయించడం గొప్పే. కానీ ఒక్కడే అన్ని పొరలూ ఒకే దెబ్బతో వేయడం ఇంకా కష్టం. మా షెడ్డులో నలుగురి సుత్తీ ఒకేసారి పడితేనే రేకు వంగుతుంది. వాళ్ళు కష్టమైన పని మానేసి తేలికైన పని చేశారు” అన్నాడు. ఆ వేగం, ఆ బిగువు మామూలు సాధనతో వచ్చేవి కావు. వాటిని వదులుకున్నప్పుడు విన్నవాడికి నష్టం జరగలేదనడం న్యాయం కాదు. నాకు ‘లోడ్’ ఇష్టమే అయినా, వాడికి జరిగిన నష్టాన్ని కాదనలేదు.

*

ఏడాదిన్నర గడిచాక ఒక కబురు తెలిసింది. ‘లోడ్’ చివరి పాట ‘ది అవుట్‌లా టోర్న్’ నిజానికి పదిన్నర నిమిషాల పైచిలుకు ఉండేదట. సీడీలో చోటు చాలక దాదాపు ఒక నిమిషం కోసేశారట. కోయని పాటను 1997లో వేరే సింగిల్‌తోపాటు విడుదల చేశారు. అది దొరకడానికి చాలా కాలం పట్టింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒకరి దగ్గర నుంచి తెప్పించుకున్నాం. బాబాయ్‌కి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. క్యాసెట్టు చాలక పాట చివర తెగ్గోయడం ఆయన జీవితమంతా పడిన బాధ. అంత పెద్ద బృందానికీ అదే ఇబ్బంది వచ్చిందని విని, “నిమిషాలు కూడుకోకుండా రికార్డింగుకు కూర్చుంటే అంతే మరి” అన్నారు. అప్పటికి కొట్లో రెండు డెక్కులూ మూలకు చేరాయి, కంప్యూటరూ సీడీ రైటరూ వచ్చాయి. అక్కడ మేం ముగ్గురం ఆ పాట పూర్తిగా విన్నాం. కోసేసిన భాగంలో గొంతు లేదు. గిటార్లు రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ, అలిసిపోతూ సాగే వాయింపు అది. నా స్నేహితుడు ఆ ఒక్క పాటకూ లొంగిపోయాడు.

2003లో ‘సెయింట్ యాంగర్’ వచ్చింది. సోలోలు లేవు, స్నేర్ డ్రమ్ము ఖాళీ డబ్బా మోగినట్టుంది. ఆ ఆల్బమ్ గురించి మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. మూడు రోజులు విని ఇద్దరం పక్కన పెట్టేశాం.

2011 అక్టోబరులో మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి చూసి వచ్చాం. వాడు పాత పాటలకు గొంతు చించుకుని అరిచాడు, నేనూ అరిచాను. తిరుగు ప్రయాణంలో గుంతకల్లు దాటాక, టీ తాగుతూ, ‘లోడ్’ పద్నాలుగు పాటల్లో ఎన్ని తీసేస్తే అది గట్టి ఆల్బమ్ అయ్యేదన్న చర్చ మొదలైంది. నేను మూడు అన్నాను, వాడు పది అన్నాడు. నంద్యాల దగ్గర నేను నాలుగుకు వచ్చాను. ‘ది అవుట్‌లా టోర్న్’, ‘బ్లీడింగ్ మీ’ ఉండాల్సిందేనని ఇద్దరం ఒప్పుకున్నాం. గుంటూరు వచ్చేసరికి ఆరు తీసేయాలన్న దగ్గర కలిశాం గానీ, ఆ ఆరూ ఏవన్నది కృష్ణా బ్రిడ్జి దాటినా తేలలేదు. ‘మామా సెడ్’ తీసేయమంటాడు వాడు. నేను ఒప్పుకోను.